నోటికి వచ్చింది, పేపర్ మీదికి రాదేం?



ప్రతి పీటీఎంలో ఒక్క అమ్మ అయినా నన్ను ఈ మాట అడుగుతారు. "మేడమ్, మావాడికి తెలివి లేదా అంటే బోలెడంత ఉంది. టీవీలో ఒక్కసారి చూసింది నెల తర్వాత కూడా పూసగుచ్చినట్టు చెబుతాడు. ఫోన్‌లో మాకు తెలియనివి వాడే చూపిస్తాడు. పుస్తకం తీస్తే మాత్రం గంటసేపటికి నాలుగు లైన్లు కదలవు. ఏం చేయమంటారు?" పక్కన కూర్చున్న నాన్న చాలాసార్లు జవాబు కూడా తనే చెప్పేస్తారు. "బద్ధకం మేడమ్. మీరు రెండు తగిలించండి, దారికొస్తాడు."

ఈ నెల ఆ ప్రశ్న గురించే మాట్లాడుకుందాం. దానికి ముందు నేను చేసిన ఒక పొరపాటు మీకు చెప్పాలి.

డైరీలో నేను రాసిన రిమార్క్

నాలుగేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, అప్పుడు నేను పనిచేస్తున్న స్కూల్లో నాకు థర్డ్ క్లాస్ ఇచ్చారు. ఆ క్లాస్‌లో ఒక బాబు ఉండేవాడు. వాళ్ల నాన్నకి మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటారు ఎందుకు ట్రిప్ అవుతుందో ఆ ఎనిమిదేళ్ల పిల్లాడు ఒకరోజు బోర్డు మీద బొమ్మ గీసి మరీ నాకు చెప్పాడు. క్లాస్‌లో ప్రశ్న అడిగితే మొదట లేచే చెయ్యి వాడిదే.

డిక్టేషన్‌లో మాత్రం 10కి ఒకటో రెండో వచ్చేవి. 'బికాజ్' అనే మాటను ఒకే పేజీలో మూడు రకాల స్పెల్లింగులతో రాశాడు. బోర్డు మీది హోమ్‌వర్క్ సగం ఎక్కించుకునేసరికి బెల్ కొట్టేసేవారు. రీడింగ్‌లో తన వంతు వస్తోందంటే చాలు, దాహం అనో బాత్రూమ్ అనో లేచి నిలబడేవాడు. డిక్టేషన్ ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడని వాళ్ల అమ్మ ఫోన్ చేసేవారు.

నేను డైరీలో ఏం రాశానో నాకు ఇప్పటికీ గుర్తుంది. "కేర్‌లెస్. నాట్ ఇంట్రెస్టెడ్ ఇన్ స్టడీస్." దాంతో ఇంట్లో కార్టూన్లు బంద్ చేశారు, రెండో ట్యూషన్ పెట్టారు, తప్పు రాసిన ప్రతి మాటా ఇరవైసార్లు రాయించారు. ఒకరోజు వాడి చెంప మీద వేళ్ల అచ్చు చూశాను. ముందు రోజు డైరీలో నా సంతకంతో ఉన్న రిమార్క్ కూడా చూశాను. ఆ రెండింటికీ సంబంధం ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

తర్వాత కొన్నాళ్లకు వాడు సైకిల్ మీంచి పడి, కుడిచేతికి కట్టుతో యూనిట్ టెస్ట్‌కి వచ్చాడు. ఈవీఎస్ పేపర్‌లోని ప్రశ్నలు నేనే చదివి, వాడు నోటితో చెప్పిన జవాబులు నేనే రాశాను. 20కి 18 వచ్చాయి. అంతకుముందు టెస్ట్‌లో అదే సబ్జెక్ట్‌లో వాడికి వచ్చినవి 5.

చెయ్యి విరిగితే తప్ప వాడికి ఏం వచ్చో నాకు తెలియలేదు. బీఈడీలో డిస్లెక్సియా మీద షార్ట్ ఆన్సర్ రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ పిల్లాడు మూడో బెంచీలో నా ఎదురుగా కూర్చుంటే గుర్తుపట్టలేకపోయాను.

అసలు ఏం జరుగుతుంది?

మాట్లాడటం పిల్లలకు వింటూ వింటూ వచ్చేస్తుంది. చదవడం అలా రాదు, నేర్పాలి. కంటికి కనిపించే గుర్తుని చెవికి తెలిసిన శబ్దంతో కలపాలి. ఆ శబ్దాలను వరసగా కూర్చి మాట చేయాలి. ఇదంతా రెప్పపాటులో జరిగిపోవాలి. కొందరు పిల్లల మెదడుకి ఈ కూర్పు చాలా కష్టమవుతుంది. దానికే డిస్లెక్సియా అని పేరు. రాతలో వచ్చే ఇలాంటి ఇబ్బందిని డిస్‌గ్రాఫియా అంటారు, అంకెలూ లెక్కల్లో వచ్చేదాన్ని డిస్కాల్‌క్యులియా అంటారు. వీటన్నిటినీ కలిపి స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ, పొట్టిగా ఎస్ఎల్‌డీ అంటారు.

ఇది తెలివికి సంబంధించింది కాదు. ట్యాంకు నిండా నీళ్లున్నా పైపు సన్నమైతే కుళాయిలో సన్నగానే వస్తాయి. కుళాయి చూసి ట్యాంకు ఖాళీ అనుకుంటే తప్పు మనదే.

ఇది కొత్తగా పుట్టిన జబ్బూ కాదు. 1896లోనే ఇంగ్లండ్‌లో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టర్ ఒక పద్నాలుగేళ్ల అబ్బాయి గురించి వైద్య పత్రికలో రాశారు. ఆ అబ్బాయి చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, చదవడం మాత్రం రాదు. చదువంతా నోటితోనే చెబితే బడిలో అందరికన్నా చురుకైనవాడు ఇతడే అవుతాడని వాళ్ల మాస్టారు అన్నారట. నూట ఇరవై ఏళ్లు దాటినా ఆ మాస్టారి మాట మన స్టాఫ్ రూముల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఇంట్లో పెద్దవాళ్లు "వాళ్ల నాన్నకీ ఇంతే, చదవడం ఆలస్యంగా వచ్చింది, వదిలేయండి" అంటుంటారు. అది ధైర్యం చెప్పే మాట మాత్రమే అనుకోకండి. డిస్లెక్సియా చాలాసార్లు కుటుంబాల్లో నడుస్తుంది. కాబట్టి ఆ మాట ఒక ఆధారం కూడా.

థర్డ్ క్లాస్‌లోనే ఎందుకు బయటపడుతుంది?

"యూకేజీలో ఫస్ట్ వచ్చేది మేడమ్, ఇప్పుడేమైందో" అని చాలామంది బాధపడతారు. చిన్న క్లాసుల్లో రైమ్స్, బొమ్మలు, పదిసార్లు విన్న పాఠాలే ఎక్కువ. జ్ఞాపకశక్తి బాగున్న పిల్లలు పేజీ మొత్తం కంఠతా పట్టి, వేలు పెట్టి చదువుతున్నట్టే చెప్పేస్తారు. మనకు అనుమానం రాదు. సెకండ్, థర్డ్ క్లాసులకు వచ్చేసరికి పాఠం పెద్దదవుతుంది, కొత్త మాటలు పెరుగుతాయి. అప్పటిదాకా చదవడం నేర్చుకున్న పిల్లలు, అక్కడి నుంచి చదివి నేర్చుకోవాలి. కంఠస్థం సరిపోదు. తెలివైన పిల్లలు ఎంత బాగా నెట్టుకొస్తే అంత ఆలస్యంగా బయటపడుతుంది.

మన పిల్లల విషయంలో ఇంకో సంగతి కూడా చూడాలి. వాళ్లు రెండు లిపులు నేర్చుకుంటారు. తెలుగులో 'క' ఎక్కడున్నా 'క'నే. అయితే యాభైకి పైగా అక్షరాలు, వాటికి గుణింతాలు, ఒత్తులు. ఇంగ్లీషులో అక్షరాలు 26 మాత్రమే, శబ్దాలు దాదాపు 44. సీ యూ టీ 'కట్' అయితే పీ యూ టీ 'పుట్' ఎందుకవుతుందో ఏ పిల్లాడికైనా అయోమయమే. అందువల్ల డిస్లెక్సియా ఉన్న పిల్లలు కొందరు తెలుగును తప్పుల్లేకుండా, కానీ నత్తనడకన చదువుతారు. ఇంగ్లీషులో మాత్రం మాటమాటకీ తడబడతారు. ఇంకొందరికి తెలుగులోనూ ఒత్తులు, దీర్ఘాలు జారిపోతుంటాయి.

మీ పాప తెలుగును తన వయసుకు తగ్గట్టు గబగబా చదువుతూ ఇంగ్లీషులో మాత్రమే వెనకబడితే, చాలాసార్లు అది ఇంగ్లీషు తక్కువగా వినడం వల్ల వచ్చిన ఇబ్బందే. దానికి మందు వేరు. ఇంగ్లీషు కథలు వినిపించడం, మాట్లాడించడం. అందుకే ముందు రెండు భాషల్లోనూ చదివించి చూడండి.

ఏ గుర్తులు చూడాలి?

కింది వాటిలో ఒకటో రెండో ఏ పిల్లల్లోనైనా కనిపిస్తాయి. నాలుగైదు కలిసి, ఆరు నెలలకు పైగా ఉంటేనే ఆలోచించాలి.

• మాటలు ఆలస్యంగా రావడం, రైమ్స్‌లో ప్రాస పట్టుకోలేకపోవడం.
• ఒక పేజీలో చదివిన మాటనే పక్క పేజీలో కొత్తగా చూసినట్టు ఆగిపోవడం.
• మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చదవడం, లైను వదిలేసి కిందికి జారిపోవడం.
• నోటితో చెప్పే జవాబుకీ రాసే జవాబుకీ చాలా తేడా ఉండటం.
• బోర్డు మీద నుంచి ఎక్కించుకోవడం బాగా ఆలస్యమవడం.
• వారాలు, నెలలు, ఎక్కాలు వరసలో చెప్పలేకపోవడం. కుడి, ఎడమ తికమకపడటం.
• స్కూలు రోజుల్లో మాత్రమే వచ్చే కడుపునొప్పి, తలనొప్పి.

ఇంగ్లీషు 'బీ', 'డీ' తారుమారు చేయడం, తెలుగులో 'మ'ని 'య'గా, 'ప'ని 'వ'గా చదవడం చూసి మాత్రం కంగారు పడకండి. ఏడేళ్ల దాకా అది మామూలే.

ముందుగా కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. బోర్డు కనిపించని పిల్లాడూ, మాట సరిగ్గా వినపడని పాపా ఇలాగే వెనకబడతారు. రాత్రి పదకొండింటికి పడుకుని ఆరింటికి స్కూలు బస్సెక్కే పిల్లల్లో నిద్ర తక్కువైనా ఇవే లక్షణాలు రావచ్చు. ఇవేవీ కావని తేలితే చైల్డ్ సైకాలజిస్ట్ దగ్గర అసెస్‌మెంట్ చేయించాలి. సాధారణంగా ఎనిమిదేళ్ల వయసు నుంచి దీన్ని నిర్ధారిస్తారు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ తయారుచేసిన పరీక్షలను మన దేశంలో చాలాచోట్ల వాడతారు. వయసు ఎనిమిదికి తక్కువైనా, పేరు పెట్టకుండానే సహాయం మొదలుపెట్టవచ్చు. దానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

ఇంట్లో ఏం చేయవచ్చు?

1. ఇరవైసార్లు రాయించడం ఆపండి. దారి మూసుకుపోయిన చోట అదే దారిలో ఇరవైసార్లు నడిపిస్తే కాళ్లు నొప్పులు తప్ప ఏమీ మిగలదు. మూడో ట్యూషన్ కూడా అంతే.

2. శబ్దాలతో ఆడండి. బండి మీద వెళ్తూ కూడా ఆడవచ్చు. "'మామిడి'లో 'మా' తీసేస్తే ఏం మిగులుతుంది? 'స్టాప్'లో 'స్' తీసేస్తే?" మాటలోని ముక్కలకు చప్పట్లు కొట్టించండి. చెవికి ముక్కలు తెలిస్తేనే కంటికి అక్షరాలు కుదురుతాయి.

3. బియ్యం పళ్లెం మళ్లీ తీయండి. అక్షరాభ్యాసం రోజు పళ్లెంలో బియ్యం పోసి, పిల్లల వేలు పట్టుకుని, నోటితో పలికిస్తూ దిద్దించాం కదా. కన్ను, చెవి, చెయ్యి మూడూ ఒకేసారి పనిచేయడం అందులోని కీలకం. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్, అన్నా గిలింగమ్ గత శతాబ్దంలో డిస్లెక్సియా పిల్లల కోసం రూపొందించిన పద్ధతికీ ఆధారం అదే. మనం ఒక్కరోజు చేసి వదిలేశాం. రోజుకు రెండు అక్షరాలు, లేదా ఒక ఒత్తు, బియ్యంలోనో రవ్వలోనో రాయించండి. రాస్తూ శబ్దం పైకి పలకాలి.

4. కలిసి చదవండి. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. వాళ్ల వయసు కన్నా కాస్త తేలిక పుస్తకం తీసుకోండి. ఇద్దరూ ఒకేసారి పైకి చదవండి. తను ఒంటరిగా చదవాలనుకుంటే మీ చేతి మీద తట్టమనండి, మీరు ఆగిపోండి. ఎక్కడైనా ఆగితే ఐదు సెకన్లు చూసి మాట అందించండి. "ఇందాకే చెప్పాను కదా" అనే మాట మాత్రం వద్దు.

5. పాఠాలు మీరు చదివి వినిపించండి. సైన్స్, సోషల్ నేర్చుకోవడానికి చదవడం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మీరు చదవండి, వాళ్లు వింటారు, తర్వాత వాళ్లు మీకు పాఠం చెబుతారు. ఇది చదువును ఎగ్గొట్టడం కాదు.

6. పోలికలు వద్దు. "మీ చెల్లిని చూసి నేర్చుకో" అన్న మాట ఆ పిల్లాడికి ముందే తెలుసు. రోజూ తనే ఆ మాట తనకు చెప్పుకుంటూ ఉంటాడు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. డిస్లెక్సియాకి మందు బిళ్లలు లేవు. "45 రోజుల్లో పూర్తిగా నయం" అనే ప్రకటనలు చూసి డబ్బు పోసుకోకండి. దీనికి కావలసింది పద్ధతి తెలిసిన స్పెషల్ ఎడ్యుకేటర్, ఓపిక, కొన్నేళ్ల సమయం.

స్కూల్‌ని ఏం అడగవచ్చు?

మొహమాటపడకండి. ఇవి మేము చేయగలిగినవి, చేయాల్సినవి. క్లాస్‌లో ముందు బెంచీ. ముందుగా చెప్పకుండా అందరి ముందూ లేపి చదివించకపోవడం. ఈవీఎస్, సోషల్ పేపర్లలో స్పెల్లింగ్‌కి మార్కులు కోయకపోవడం. చిన్న క్లాసుల్లో కొన్ని టెస్టులు నోటితో పెట్టడం. బోర్డు మీది నోట్స్ ఫొటో తీసుకోనివ్వడం.

పెద్ద క్లాసుల్లో ఇది దయ కాదు, హక్కు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీస్‌ని కూడా చేర్చారు. సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు, అవసరమైతే జవాబులు రాసిపెట్టే స్క్రైబ్‌ని కూడా అనుమతిస్తారు. స్టేట్ బోర్డుల్లోనూ సౌకర్యాలు ఉన్నాయి. ఆ ఏడాది నిబంధనలు ఆఫీసులో అడిగి తెలుసుకోండి. సర్టిఫికెట్‌ని ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రే ఇవ్వాలి, అందుకు సమయం పడుతుంది. టెన్త్‌కి వచ్చాక పరుగెత్తే కన్నా ముందే మొదలుపెట్టడం మంచిది.

"సర్టిఫికెట్ అంటే పిల్లాడి మీద ముద్ర పడుతుంది కదా మేడమ్, రేపు నలుగురూ ఏమంటారు?" అని చాలామంది వెనక్కి తగ్గుతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఒక్కటి గమనించండి. ఆ పిల్లల మీద ముద్ర ఇప్పటికే పడి ఉంది. 'మొద్దు', 'బద్ధకం', 'కేర్‌లెస్' అనే ముద్రలు. వాటిలో ఒకటి నేను వేసిందే. వాటికన్నా నిజమైన పేరు ఉండటం నయం కాదా?

ఒక నాన్న చెప్పిన మాట

కట్టు విప్పాక ఆ బాబుకి అసెస్‌మెంట్ చేయించారు. రిపోర్ట్ పట్టుకుని వాళ్ల నాన్న ఒక్కరే స్కూలుకి వచ్చారు. నేను డైరీ రిమార్క్‌కి క్షమాపణ చెప్పాలనుకుని మాటలు వెతుక్కుంటున్నాను. ఆయనే ముందు మాట్లాడారు.

"నేను టెన్త్ రెండుసార్లు తప్పాను మేడమ్. ఏ మోటారైనా విప్పి చూస్తే దాని జబ్బు చెప్పేస్తాను. బ్యాంకు ఫారం మాత్రం ఇప్పటికీ మా ఆవిడే నింపాలి. మా నాన్న నన్ను మొద్దు అనేవాడు. నేను వాణ్ని అదే అన్నాను." ఆ తర్వాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఆ బాబు ఇప్పుడు సెవెన్త్ క్లాస్. వాళ్ల అమ్మ అప్పుడప్పుడు మెసేజ్ పెడతారు. ఫస్ట్ ర్యాంకులేమీ రావడం లేదు. స్పెల్లింగులు ఇంకా తప్పుతాయి, చదవడం ఇంకా నెమ్మదే. కానీ టెస్టుల్లో అదనపు సమయం ఇస్తున్నారు, ఈవీఎస్‌లో 5 వచ్చిన వాడికి సైన్స్‌లో ఇప్పుడు సగానికి పైనే వస్తున్నాయి. డిక్టేషన్ రోజు కడుపునొప్పి మానేసి మూడేళ్లయిందట. నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది అదే.

ఆ తర్వాత నేను డైరీలో 'కేర్‌లెస్' అని రాయడం మానేశాను. దాని బదులు ఏం చూశానో అది రాస్తున్నాను. "ఐదు జవాబులూ నోటితో సరిగ్గా చెప్పాడు, రెండే రాయగలిగాడు" అని. మీరూ ఈ రాత్రి హోమ్‌వర్క్ దగ్గర "ఎందుకు రాదు?" అనే ముందు, "ఎక్కడ ఆగింది?" అని అడిగి చూడండి. ఏ మాట దగ్గర, ఏ అక్షరం దగ్గర, ఎంతసేపటికి ఆగిందో ఒక వారం చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే పీటీఎంకి ప్రోగ్రెస్ కార్డుతో పాటు ఆ నోట్‌బుక్ కూడా తీసుకురండి. మార్కుల కన్నా ముందు దాని గురించి మాట్లాడుకుందాం.

మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్